కంపెనీ యను మాట

అనకాపల్లినుండి అచ్యుతాపురము పోవు బస్సులో కూర్చున్నవారి చెవిని ‘కంపెనీ’ యను మాట పదిసార్లైనను పడకమానదు. “మావోడు కంపెనీలో జేరినాడు” అని యొకరు, “కంపెనీ బండి ఇంకా రాలేదు” అని యొకరు, “ఆ పొలం కంపెనీకి పోయింది” అని యింకొకరు, “ఇవేళ కంపెనీ లేదు” అని వేరొకరు అనుచుందురు. మాట యొక్కటే. మొదటివాని నోట అది కొలువు, రెండవవాని నోట యజమాని, మూడవవాని నోట భూమిని మ్రింగిన శక్తి, నాలుగవవాని నోట ఒట్టి పనిదినము. ఇంగ్లీషు ముక్క యొక్కటియు రాని ముసలమ్మ కూడ ఈ నాలుగర్థములను తడబడక వాడును. నిఘంటువు తిరుగవేసిన పండితునికే చిక్కు.

ఇట్టి మాటల చరిత్రను వెదకుట పనిలేనివారి వినోదమని కొందరి తలంపు. నా తలంపు వేరు. ఒక దేశమువారు తమకు పైవారైనవారిని ఏమని పిలిచిరో, ఆ పిలుపు ఎప్పుడు మారినదో, ఏ మాటను గౌరవముతో పలికి ఏ మాటను నీచార్థమునకు దింపిరో తెలిసినచో, శాసనములలోను రికార్డులలోను చిక్కని చరిత్ర కొంత చిక్కును. కంపెనీ యను మాట మన సముద్రతీరమునకు వచ్చి నాలుగువందల యేండ్లు దాటినది. ఇంత దీర్ఘకాలము మనతో కాపురము చేసిన ఇంగ్లీషు మాటలు పెక్కు లేవు.

పుట్టుకలో ఈ మాట ఇంగ్లీషుది కాదు. లాటిను భాషలో ‘కం’ అనగా కూడ, ‘పానిస్’ అనగా రొట్టె. ఒకే రొట్టెను కూడి తినువాడు ‘కంపానియో’. గోథులను జర్మను జాతివారి భాషలో ఇదే భావముగల ‘గహ్లైబ’ యను మాట యుండెననియు, దానికి సరిగా లాటినువారు ఈ పదమును కూర్చుకొనిరనియు భాషావేత్తలు చెప్పుదురు. ఫ్రెంచివారి నోట నలిగి పదమూడవ శతాబ్దినాటికి ఇది ఇంగ్లీషునకు చేరెను. ఆ భాషలోనే దీనికి అర్థములు తామరతంపరగా పెరిగినవి. తోడు కంపెనీ, ఇంటికి వచ్చిన అతిథులు కంపెనీ, ఓడలోని నావికులందరు కలిసి ఓడ కంపెనీ, నాటకములాడు బృందము కంపెనీ, పటాలములో సుమారు నూరుమంది సిపాయిల తుకడీ కంపెనీ, మూలధనము కూర్చి వ్యాపారము చేయు వర్తకుల కూటము కంపెనీ. ఇంగ్లీషు గృహిణి “ఈ సాయంకాలము మాకు కంపెనీ యున్నది” అన్నచో ఇంటికి చుట్టములు వచ్చుచున్నారని యర్థము. అచ్యుతాపురములో పడుచు “సాయంత్రం కంపెనీ ఉంది” అన్నచో రెండవ షిఫ్టు పని యున్నదని యర్థము. ఇన్ని శాఖలకును వేరు మాత్రము ఆ రొట్టె ముక్కయే.

ప్రసంగవశమున ఇంకొక మాట. మనవారు వణకుచు పలికిన ‘లార్డు’ అను బిరుదమునకు కూడ మూలము రొట్టెయే. ప్రాచీనాంగ్లములో దాని యర్థము రొట్టెకు కాపరియైనవాడు. కూడి తినువారు కంపెనీ, దాచి యుంచువాడు లార్డు. రెండును ఒక్క ఓడలోనే మన రేవులకు దిగినవి.

మన భాషలో ఇట్టి మాట లేదా? కలదు. ‘పొత్తు’ అను అచ్చతెలుగు పదమును చూడుడు. పొత్తు అనగా స్నేహము, కూటమి, ఉమ్మడి వ్యవహారము. పొత్తున కుడుచుట యనగా ఒకే విస్తరిలో కలిసి తినుట. కంచము పొత్తేగాని మంచము పొత్తు లేదను సామెతలో ఆ తొలి యర్థము నేటికిని సజీవముగా నున్నది. రోమనులకు రొట్టె, మనకు కూడు, భావమొక్కటే. భాగస్వామ్యము భోజనముతో మొదలగునని రెండు జాతులును ఒకరినొకరు ఎరుగకయే కనిపెట్టినవి. కాని పొత్తునకు మన సంఘము గట్టి కంచె కట్టినది. ఎవరితో వ్యాపారము చేయవచ్చునో వారందరితో పంక్తిని కూర్చుండరాదు. భట్టిప్రోలు ధాతుకరండముమీది ప్రాచీన లిపిలో ‘నెగమ’ యను పేరుతో వర్తకుల కూటమి కానవచ్చుచున్నది. గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున పరదేశపు వర్తకులకు అభయశాసనము వ్రాయించెను. నిగమము, శ్రేణి, నకరము అను పేర్లతో వర్తకసంఘములు మనకు బహుకాలమునుండి యున్నవి. అయినను ఆ సంఘములలో పెక్కింటికి కులమే సరిహద్దు. కులమును దాటిన వర్తకపు కూటమికి జనుల నోట నిలిచిన తెలుగు మాట యేదని వెదకినచో నాకు చిక్కినది లేదు. ఆ ఖాళీలోనికే ఈ పరదేశపు మాట వచ్చి చతికిలబడినదని నా యూహ.

అది వచ్చిన విధము చెప్పవలెను. 1600 డిసెంబరు 31వ తేదీన లండనులోని కొందరు వర్తకులకు ఎలిజబెత్తు రాణి తూర్పుదేశపు వర్తకమునకు పట్టా యిచ్చెను. 1611లో వారి యోడ మచిలీపట్టణము చేరెను. 1682లో విశాఖపట్టణమున వారి ఫ్యాక్టరీ వెలసెను. ఈ ఫ్యాక్టరీయన నేటి కర్మాగారము కాదు. అందులో ఏ వస్తువును తయారు కాలేదు. కొన్న సరకులను నిలువచేయు కోఠీ, దొరలు కాపురముండు ఇల్లు, అంతే. 1689లో ఔరంగజేబు పక్షమువారు దానిమీద పడి అందున్న ఆంగ్లేయులను చంపిరి. మరల సంధి, మరల వర్తకము.

వారు వచ్చినది దేనికొరకు? బట్టకొరకు. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల సాలెవారు నేసిన నూలుబట్టలు ఐరోపాలో మిక్కిలి ప్రీతిపాత్రములై యుండెను. బట్ట సన్నదనమును పుంజముల లెక్కను చెప్పెడివారు. పడుగులో 120 పోగులు ఒక పుంజము. ఆ ‘పుంజము’ దొరల లెక్కపుస్తకములకు ఎక్కి ఇంగ్లీషు మాటయైనది. నరసాపురము దాపున మాధవాయపాలెము అను చిన్న ఊరు గలదు. అచట కంపెనీవారి కోఠీ యుండుటచే ఆ ఊరి పేరు ‘మాడపోలము’ అయి, ఇంగ్లీషు ఫ్రెంచి భాషలలో ఒకజాతి తెల్లని నూలుబట్టకు నామధేయమైనది. మనము వారి మాటను తీసికొంటిమి, వారు మన ఊరిపేరును తీసికొనిరి. మాటల బేరములో ఎవరికిని నష్టము లేదు. సొమ్ముల బేరము అట్లు నడువలేదు. సాలెవానికి ముందుగా బయానా యిచ్చి, ఆ ఋణము తీరువరకు పైవారికి బట్ట అమ్మరాదని కట్టడిచేసి, తెచ్చిన తానులను కోఠీలో పరచి ఇది మేలు, ఇది మధ్యమము, ఇది పనికిరాదని తరగతులుగా త్రోసి వెల కట్టెడివారు. మగ్గము సాలెవానిది, నేర్పు సాలెవానిది; ఏది మంచి బట్టయో నిర్ణయించు నోరు మాత్రము కంపెనీది.

వర్తకునికి కత్తి వచ్చిన పిదప మాటయొక్క స్వరూపమే మారినది. 1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759లో మచిలీపట్టణపు కోట పడినది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766, 1768 సంవత్సరములలో నైజాముతో సంధులు. వీనితో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చెను. అప్పుడు మనవారి నోట పుట్టిన రూపము ‘కుంఫిణీ’. ఆనాటి వ్రాతలలో ‘కుంఫిణీవారు’, ‘కుంపిణీవారు’ అని పలువిధములుగా కానవచ్చును. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్రలో ఈ మాట పలుమార్లు వచ్చును. మూలములో లేని ఒత్తక్షరము దీనికెట్లు తగులుకొన్నదో పండితులు చెప్పవలెను. ఒత్తి పలికినగాని అధికారమునకు నిండుదనము రాదని మనవారు తలచిరేమో! అంతకంటె గమనింపదగినది ఆ ‘వారు’. అంగడికి వారు తగిలింపము, గిడ్డంగికి తగిలింపము; రాజునకు తగిలింతుము. ఉత్తరాదివారు ‘కంపెనీ బహదూరు’ అని బిరుదమే తగిలించిరి. ఎక్కడనో సముద్రములకు ఆవల ఒక యింటిలో కూర్చుండి లాభము పంచుకొను వాటాదారుల గుంపు, ఎవరికిని ముఖము తెలియని గుంపు, మన భాషలో బహువచనముతో పూజ లందినది.

ఈ కుంఫిణీ రాజులకు రాజైన విధము తెలియుటకు పద్మనాభము చాలును. విజయనగరపు చిన్న విజయరామరాజుపై పేష్కషు బకాయిని నిలువచేసి, ఆయనను రాజ్యమునుండి తొలగ ఆజ్ఞాపించి, ఆయన వినకుండుటచే 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద సేన నడపిరి. రాజును, ఆయనను విడువని పెక్కుమంది బంధుసేవకులును అచటనే కూలిరి. ఎనిమిదేండ్లకు, 1802లో, ఈ ప్రాంతమున శాశ్వత పైసలా జరిగెను. భూమి జమీందారునిది, పన్ను కుంఫిణీది, చెమట రైతుది అని శాశ్వతముగా పంపకమైనది. 1805లో చెన్నరాజధానిలో ఉప్పు కూడ కుంఫిణీ గుత్తకు పోయెను. సముద్రపు టొడ్డున పుట్టినవాడు తన కాళ్లయెదుట పేరుకొన్న ఉప్పును ఎత్తుకొన్నచో నేరస్థుడు. కలిసి రొట్టె తినుటకు ఏర్పడిన పేరు ఆ రొట్టెలోని ఉప్పునకు కావలి కూర్చున్నది.

ఆ కాలముననే ఈ మాటకు రెండవ యర్థము కూడ మన తీరమున వినబడెను. మనవారిలో ననేకులు కుంఫిణీ పటాలములలో చేరిరి. పటాలములోని తుకడీ పేరు కూడ కంపెనీయే. కంపెనీ యజమాని, కంపెనీలోని సిపాయి, ఒకే మాటకు రెండు కొసలు. ఆ రెండు కొసలు 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణపు రేవున ఢీకొన్నవి. హైదరాలీతో యుద్ధము జరుగుచున్నందున సిపాయిల కంపెనీలను ఓడలపై చెన్నపట్టణమునకు పంపుటకు ఉత్తరువైనది. సిపాయిలు ఓడ నెక్కమనిరి, తిరుగబడిరి. కొందరు తెల్ల యధికారులు హతులైరి. 1857కు ముందు డెబ్బదేడేండ్ల క్రిందటి మాట యిది. తెలుగు బడి పుస్తకములు దీనికి పట్టుమని పది పంక్తులైనను ఇచ్చినచో బాగుండును.

1833లో కంపెనీ వర్తకము మానినది. 1858లో దొరతనము రాణి చేతికి పోయినది. 1874 జూన్ 1న ఆ సంస్థయే లేకుండపోయెను. దానితో ‘కుంఫిణీ’ కూడ గతించినది. పిదప వచ్చిన ‘కంపెనీ’ మరల క్రొత్తగా దిగుమతియైన మాట. మూలమొక్కటే యైనను తెలుగులో ఇవి రెండు పదములు. నేడు అచ్యుతాపురపు కర్మాగారమును ఎవ్వరును కుంఫిణీ యనరు. క్లైవు నాటి సంస్థను కంపెనీ యనవలసివచ్చినచో ముందు ‘ఈస్టిండియా’ అని చేర్చక తోచదు. ఒక్క మాటను రెండు మారులు అరువు తెచ్చుకొని, మొదటి అరువును చరిత్రకు, రెండవ అరువును బ్రతుకునకు కేటాయించుకొన్నాము.

రెండవ అరువులో మొదట వచ్చినది తీయని యర్థము. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమహేంద్రవరమునకు వచ్చి నాటకములాడెను. అవి చూచియే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలుగున నాటకము లాడించుటకు పూనుకొనిరి. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి మూలమున సురభి సమాజము మొదలైనది. తెరలు, పెట్టెలు, హార్మోనియము, పిల్లలు, ముసలివారు, అందరును బండ్లెక్కి ఊరూరు తిరుగు ఆ కుటుంబములను మనవారు ‘నాటకాల కంపెనీ’ యనిరి. చిత్రమేమనగా, తెలుగుదేశమున కంపెనీ యను మాటకు దాని తొలి యర్థమున అచ్చముగా సరిపోయినవారు వీరే. వారిది నిజముగా ఒక్క పొయ్యి, ఒక్క పంక్తి. వచ్చిన రాబడియు, రాని రాబడియు అందరికిని సమానమే.

విశాఖ మండలపు కూలివానికి తెలిసిన కంపెనీ వేరు. కరవు వచ్చినను, అప్పు పెరిగినను అతడు తీరపు రేవులలో ఓడ నెక్కి రంగూను పోయెడివాడు. ఆ యోడ బ్రిటిషిండియా స్టీం నావిగేషన్ కంపెనీది. దిగిన పిదప పనిచేయు బియ్యపు మిల్లు ఒక కంపెనీది, నూనె శుద్ధిచేయు కర్మాగారము మరియొక కంపెనీది. మేస్త్రీ నడుమ నుండి జీతమును చేతికిచ్చును. కంపెనీ ముఖమును అతడెన్నడును చూడడు. 1942లో జపానువారు బర్మాపై పడినప్పుడు వేలకొలది తెలుగువారు అడవులదారిని కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి, దారిలో పడిపోయినవారెందరో! కూలివానికి కంపెనీ తోడు ఓడ నెక్కినంతవరకే.

మన దేశీయులు స్థాపించిన కంపెనీలను గూర్చి గర్వించుట కూడ న్యాయమే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా కంపెనీ విశాఖలో ఓడల నిర్మాణమునకు పునాది వేసెను. 1948 మార్చి 14న నెహ్రూగారు అచట ‘జలఉష’ను నీటిలోనికి విడిచిరి. 1952లో ఆ యార్డు ప్రభుత్వ సంస్థయై పేరు మారినను, ఆ చోటును విశాఖవారు నేటికిని ‘సింధియా’ యనియే అందురు. కంపెనీ పోయి ఊరిపేరు మిగిలినది. మాధవాయపాలెమున ఊరిపేరు పోయి బట్ట మిగిలినట్లే.

అచ్యుతాపురమునకు దాపుననే, యలమంచిలికి సమీపమున, ఏటికొప్పాక గలదు. లక్కబొమ్మలకు దాని పేరు అందరును ఎరుగుదురు. 1930ల దశకమున అచటి చెరకు రైతులు సహకార పద్ధతిని చక్కెర కర్మాగారము నొకదానిని స్థాపించుకొనిరి. దేశములో అట్టివానిలో అది మొదటితరమునకు చెందినది. దానిని జనులు ‘ఫ్యాక్టరీ’ యనిరి, ‘సొసైటీ’ యనిరి, కంపెనీ యనలేదు. తమదైనదానికి ఒక పేరు, పరులదైనదానికి మరొక పేరు. ఈ విచక్షణను ఎవరును వారికి నేర్పలేదు.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. మన దేశమున 1850లో కంపెనీల చట్టము వచ్చెను. 1857లో వాటాదారుల బాధ్యతకు పరిమితి ఏర్పడెను; పేరు చివర ‘లిమిటెడ్’ అను తోక దాని ఫలమే. 1896లో ఇంగ్లండు ప్రభువుల సభ సాలమను వ్యాజ్యెమున, కంపెనీ వేరు, దానిని పెట్టిన మనుష్యుడు వేరు అని తీర్పు చెప్పెను. 1913లో, 1956లో, 2013లో మన చట్టములు మరల వ్రాయబడెను. ఈ కడపటి చట్టమున ‘ఏకవ్యక్తి కంపెనీ’ యను వింత గలదు. ఒక్కడే కంపెనీ కావచ్చును! రొట్టెను కూడి తినువారను మాట ఒంటివాని విస్తరికి పేరైనది.

వాడుకలో పుట్టిన చిల్లర యర్థములు ఇంకను కలవు. అంగడివాడు “ఇది కంపెనీ సరుకు” అన్నచో కల్తీ లేనిదని తాత్పర్యము. ఒకప్పుడు ఊరి కుమ్మరి కుండకు, ఊరి గానుగ నూనెకు తనిఖీ అక్కరలేకుండెను, చేసినవాడు ఎదుటనే యుండుటచేత. నేడు చేసినవాడెవడో తెలియని వస్తువే నమ్మదగినదైనది. “కాస్త కంపెనీ ఇవ్వరా” అని స్నేహితుని పిలిచినవాడు పెక్కుసార్లు కల్లుపాకకో సారాదుకాణమునకో పిలుచుచున్నాడని గ్రహింపవలెను. ఇంకొక యర్థము చెప్పుటకు మనసొప్పదు, కాని దాచుటయు తగదు. మన పట్టణపు చీకటి సందులలో ఆడువారి దేహములను అమ్మించి బ్రతుకు ఇంటికి కూడ ‘కంపెనీ’ యను పేరు వాడుకలో నుండెను. యజమాని యొకడు, సరకు వేరొకరి శరీరము, లాభము పై వారిది, తెగులు లోపలివారిది. ఆ పేరు పెట్టినవాడెవ్వడో గాని కంపెనీల చరిత్రను బాగుగా నెరిగినవాడు.

ఇక అచ్యుతాపురము. 2005లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక ఆర్థికమండలుల చట్టము చేసెను. అచ్యుతాపురము, రాంబిల్లి మండలములలో వేల ఎకరములు ఆ పని నిమిత్తము సేకరింపబడెను. ఇసుక నేలలలో జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు పెరిగిన ఊళ్లవి. పూడిమడక తీరమున బెస్తవారి వలలు. భూమిని తీసికొన్నది 1973లో ఏర్పడిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ. అదియును చట్టము ప్రకారము కంపెనీయే, ప్రభుత్వము వారి కంపెనీ. కావున “ఆ పొలం కంపెనీకి పోయింది” అను రైతు మాటలో పొరపాటు ఏమియు లేదు. ఏ కంపెనీకి అని యడిగినచో మాత్రము అతడు చెప్పలేడు. పొలము పుచ్చుకొన్నది యొకటి, అందులో షెడ్డు వేసినది వేరొకటి, ఆ షెడ్డులో కూలి యిచ్చునది మూడవది.

ఈ మండలిలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థవారి దుస్తుల పార్కు వేయి ఎకరములది. వేలకొలది స్త్రీలు, అందు పెక్కుమంది చుట్టుప్రక్కల పల్లెల పడుచులు, అచట పరదేశపు దుకాణములకు ఉడుపులు కుట్టుచున్నారు. పుంజముల లెక్కను బట్ట కొన్న కోఠీ విశాఖలో వెలసిన మూడు శతాబ్దములకు పిదప, ఆ తీరముననే, మరల బట్ట, మరల సముద్రమునకావలి కొనుగోలుదారు, మరల మేలు మధ్యమము పనికిరానిది అను తనిఖీ. భేదము కలదు, దానిని కప్పిపుచ్చుట అన్యాయము. నాడు సాలెవానికి బయానా సంకెలయైనది. నేడు ఈ పడుచునకు నెలజీతము తన పేరున బ్యాంకులో పడుచున్నది. పదునారేండ్లకే పెండ్లి చేయదలచిన తండ్రి ఇంకొక రెండేండ్లు ఆగుటకు ఆ జీతము కారణమైన ఇండ్లు కలవు. స్త్రీ విద్యకొరకు, బాల్యవివాహనిర్మూలనముకొరకు వీరేశలింగముగారి తరమువారు వేదికలెక్కి చెప్పినది కొంత, జీతపు కాగితము చడిచప్పుడు లేక చేయుచున్నది. మగ్గము మాత్రము ఆమెది కాదు. గంటకిన్ని ముక్కలు అను లెక్కయు ఆమెది కాదు.

మధ్యాహ్నపు గంట కొట్టినప్పుడు జరుగునది మరియొకటి కలదు. వేరువేరు ఊళ్లనుండి, వేరువేరు కులములనుండి వచ్చిన పిల్లలు ఒకే బల్లమీద క్యారియర్లు విప్పుదురు. ఒకరి చారు ఒకరి గిన్నెలో పడును, ఒకరి ఎండుచేప వేరొకరి అన్నములో చేరును. వారి తాతమ్మల కాలమున ఈ పని తప్పుక్రింద జమయై ఊరి నోట నలిగెడిది. సహపంక్తి భోజనములని మన సంస్కర్తలు సభలు చేసి, పత్రికలలో ప్రకటించి, బంధువులచేత వెలి వేయించుకొని సాధింపజూచిన పని ఇచట అరగంట విరామములో జరిగిపోవుచున్నది. ఎవరును దానిని సంస్కరణ మనుకొనుటలేదు. ఆకలి వేసినది, తినిరి. ఈ బల్లకు కంపెనీ యను పేరు తగును. కాని వారు దానిని కంపెనీ యనరు. “కంపెనీ గంట కొట్టేసింది” అని క్యారియర్లు మూసికొని లేచినప్పుడే వారికి కంపెనీ మరల మొదలగును.

ఆ మండలిలో 2022 జూన్ 3న, మరల ఆగస్టు 2న, దుస్తుల పార్కులోని యొక యూనిట్టులో విషవాయువు ప్రబలి, రెండు మారులును నూరుమందికి పైగా కార్మికులు, అందరికందరు స్త్రీలనవచ్చును, ఊపిరాడక ఆసుపత్రుల పాలైరి. 2024 ఆగస్టు 21న ఎసైన్షియా యను ఔషధముల కర్మాగారమున విస్ఫోటనము జరిగి 17మంది మరణించిరి. అది మధ్యాహ్న భోజన సమయము. పెక్కుమంది అన్నము తినుటకు బయటికి వెళ్లియుండుటచే చావులు అంతటితో ఆగినవని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ప్రభుత్వము ఒక్కొక్క మృతుని కుటుంబమునకు కోటి రూపాయల పరిహారము ప్రకటించెను.

ఇట్టి దినములలో కంపెనీ గేటుముందు వినబడు ప్రశ్న యొకటి కలదు. “మీవాడు కంపెనీ రోలా, కాంట్రాక్టా?” ఇదియే ఈ మాటకు ఆ తీరమున పుట్టిన కడగొట్టు అర్థము. ఒకే గేటులో దూరి, ఒకే యంత్రమువద్ద నిలిచి, ఒకే పొగ పీల్చినవారిలో పేరు పుస్తకమున నున్నవాడు కంపెనీ మనిషి. గుత్తదారు చీటీతో వచ్చినవాడు కాడు. ప్రాణమునకు కట్టు లెక్క సమానముగా ప్రకటింపబడవచ్చును గాక; కాని జ్వరము వచ్చినప్పుడు, వేలు తెగినప్పుడు, పని తీసివేసినప్పుడు, ఈ రెండు జాతులవారికిని ఒకే న్యాయము నడువదు. కంపెనీలో పనిచేయుచు కంపెనీకి చెందకుండుట యెట్టిదో, నాడు ఓడ నెక్కమన్న సిపాయికి తెలియును, రంగూను మిల్లులో మేస్త్రీ చేతినుండి జీతము పుచ్చుకొన్నవానికి తెలియును. అచ్యుతాపురమున దూర రాష్ట్రములనుండి వచ్చి గదికి ఆరుగురు చొప్పున కాపురముండు కుర్రవారికిని తెలియును. వారికి తెలుగు రాదు, ఊరివారికి వారి భాష రాదు. కూరగాయల అంగడివద్ద ఇరువురికిని ఎరుకపడిన మాట ఒక్క కంపెనీయే. “ఏ ఊరు?” అని యడిగినను వారు “కంపెనీ” అనియే బదులు చెప్పుదురు.

పండుగలకు, ఎన్నికలనాటికి, తుపాను హెచ్చరికలకు గేట్లు మూయుదురు. అప్పుడు ఆ పల్లెలలో ప్రొద్దెక్కువరకు బస్సు కూత వినబడదు. పడుచులు తీరికగా తలలు దువ్వుకొందురు. తల్లి అడుగకముందే, “ఇవేళ కంపెనీ లేదే అమ్మా, అన్నం ఇంట్లోనే” అని చెప్పుదురు.